పట్టా చేతికొచ్చింది, గడప దాటేదెలా?

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న మొదలైన పేదల ఇళ్ల పథకంలో పట్టణ కుటుంబానికి దక్కిన జాగా ఒక సెంటు, పల్లె కుటుంబానికి సెంటున్నర. సెంటంటే 48 గజాల చిల్లర. నలుచదరంగా కొలిస్తే ఒక్కో వైపు 21 అడుగులు కూడా రాదు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు. ఆ ఇంటి బేస్‌మెంటు రోడ్డు మీంచి రెండడుగులు లేచిందనుకుందాం. వీల్‌చైర్ ఎక్కే వాలు ఎలా ఉండాలో కేంద్ర ప్రమాణాలు చెబుతాయి: అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవు. అంటే రెండడుగులకు 24 అడుగుల ర్యాంపు. పైనా కిందా బండి తిప్పుకోవడానికి ఐదేసి అడుగుల చదును దీనికి అదనం. జాగా కంటే ర్యాంపే పొడుగు.

ఈ లెక్క చూపించి ‘కుదరదండీ’ అనేయడం తేలిక. అయితే బేస్‌మెంటు అంత ఎత్తు ఎందుకు లేపాల్సి వచ్చింది, రోడ్డు అంత కిందే ఎందుకు ఉండిపోయింది, గుమ్మం ఎటు పెట్టాలో ఎవరు తేల్చారు అని అడిగితే కథ మారుతుంది. ఆ నిర్ణయాలన్నీ లబ్ధిదారు పేరు ఖరారు కాకముందే లేఅవుట్ గీసిన బల్ల మీద అయిపోయాయి. ఇంట్లో కాళ్లు కదలని మనిషి ఉన్నాడని తెలిసేసరికి మిగిలేది మేస్త్రీని బతిమాలుకోవడమే.

ప్రభుత్వ సొమ్ముతో కట్టే ఇళ్ల విషయంలో మన చట్టాలు ఇల్లు ఎవరికివ్వాలన్న దాని మీద చాలా శ్రద్ధ పెట్టాయి. ఆ ఇల్లు ఎలా ఉండాలన్న దాని మీద పెట్టింది చాలా తక్కువ. నలభై ఏళ్ల గృహనిర్మాణ పథకాలను వికలాంగుల వైపు నుంచి చదివితే మొదట కనిపించే తేడా ఇదే.

1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజనలో వికలాంగులకు తర్వాతి కాలంలో 3 శాతం వాటా పెట్టారు. 1995 వికలాంగుల చట్టం రాయితీ ధరకు ఇళ్ల స్థలాల కేటాయింపులో ప్రాధాన్యం ఇమ్మంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇంకా గట్టిగా మాట్లాడింది. 37వ సెక్షన్ ప్రకారం గృహ పథకాలన్నిటిలో, రాయితీ స్థలాల్లో 5 శాతం వికలాంగులకు దక్కాలి. అందులో మహిళలకు ముందు చోటు. 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం, అంటే మన దగ్గర సదరం సర్టిఫికెట్, ఉండాలి. గ్రామీణ ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో లబ్ధిదారుల వరుసను 2011 సామాజిక ఆర్థిక సర్వే ఆధారంగా కట్టారు. ఆ వరుసలో ముందుకు తెచ్చే కారణాల్లో ఒకటి, ఇంట్లో వికలాంగులుండి, ఒళ్లు వంచి పనిచేయగల పెద్దవాళ్లు ఒక్కరూ లేకపోవడం. ఈ షరతును కాస్త ఆగి చదవాలి. పనిచేసే అన్నో తమ్ముడో పక్కనుంటే వైకల్యం లెక్కలోకి రాదు. అది పేదరికానికి గుర్తుగా పట్టికలోకి ఎక్కింది కానీ ఇంటి నక్షాను మార్చాల్సిన అవసరంగా ఎక్కలేదు.

పట్టణ ఆవాస్ యోజన ఒక అడుగు ముందుకు వేసింది. అపార్టుమెంట్లలో వికలాంగులు, వృద్ధులున్న కుటుంబాలకు వీలైనంతవరకు కింది అంతస్తు కేటాయించాలని మార్గదర్శకాల్లో రాసింది. మంచి మాటే. కింది అంతస్తు ఇచ్చారు సరే, ఆ ఫ్లాటు గుమ్మానికి రెండు మెట్లున్నాయా, స్నానాల గది తలుపు రెండున్నర అడుగులేనా అని ఆ వాక్యం అడగదు. పైగా ఇప్పటి కట్టడాల్లో నేలమట్టం పార్కింగుకు పోతోంది. స్టిల్టు మీద లేచిన భవనంలో అన్నిటికంటే కింది ఫ్లాటు కూడా ఒక అంతస్తు పైనే ఉంటుంది.

కట్టడం సంగతి చెప్పే నియమాలు వేరే దారిలో నడిచాయి. 1998లో కేంద్ర ప్రజా పనుల విభాగం అవరోధాల్లేని కట్టడాలకు మార్గదర్శకాలు తెచ్చింది. ర్యాంపు, చేతి పట్టాలు, మరుగుదొడ్డి కొలతలు అన్నీ వివరంగా ఉన్నాయి. పురపాలికలు అనుసరించాల్సిన నమూనా నిబంధన దగ్గరకొచ్చేసరికి మాత్రం ఇవి నివాస గృహాలకు వర్తించవని తేల్చేసింది. ప్రైవేటు ఇళ్లతో పాటు ప్రభుత్వ నివాసాలనూ అదే వాక్యంలో పక్కనపెట్టింది. సొంత సొమ్ముతో కట్టుకునే వాణ్ణి బలవంతపెట్టకూడదన్నది అర్థమవుతుంది. సర్కారు తన డబ్బుతో, తన నక్షాతో కట్టించే ఇంటికి కూడా అదే మినహాయింపు ఎందుకో అర్థం కాదు. 2015 డిసెంబరు 3న మొదలైన సుగమ్య భారత్ అభియాన్ ప్రభుత్వ కార్యాలయాలు, రవాణా, సమాచార మాధ్యమాల మీద దృష్టి పెట్టింది. ఇల్లు అందులోనూ లేదు. కలెక్టరేటులో ర్యాంపు ఉంది. అక్కడికి బయల్దేరాల్సిన మనిషి ఇంటి ముందు లేదు.

2016 చట్టంలో 44వ సెక్షన్ ఈ తలుపును కొంత తెరిచింది. ప్రమాణాలకు లోబడని నక్షాకు ఏ సంస్థకూ నిర్మాణ అనుమతి ఇవ్వకూడదు, లోబడకపోతే పూర్తయినట్టు ధ్రువపత్రమూ ఇవ్వకూడదు అంది. సంస్థ అన్న మాటలో ప్రభుత్వ కార్పొరేషన్లు కూడా వస్తాయి. ఉల్లంఘనకు 89వ సెక్షన్ కింద మొదటిసారి 10 వేల వరకు జరిమానా, ఆ తర్వాత 50 వేల నుంచి 5 లక్షల దాకా. వందల కోట్ల కాలనీ కట్టే సంస్థకు పదివేలు ఏ పద్దులోనూ కనిపించదనుకోండి, అది వేరే సంగతి.

అసలు చిక్కు నియమాలు రాసిన తీరులో వచ్చింది. చట్టం 40వ సెక్షన్‌లో కేంద్రాన్ని ప్రమాణాల నియమాలు చేయమంది. 2017 జూన్‌లో వచ్చిన నియమాల్లో 15వది, ఆ సరికే ఉన్న మార్గదర్శకాల పుస్తకాన్ని చూపించి ఇదే ప్రమాణం అంది. తర్వాత ఆ స్థానంలో 2021 నాటి సమగ్ర మార్గదర్శకాలు వచ్చాయి. వాటిని కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ కోసం ఐఐటీ రూర్కీ, జాతీయ పట్టణ వ్యవహారాల సంస్థ కలిసి తయారుచేశాయి. పుస్తకంగా చూస్తే మంచి పని. అయితే మార్గదర్శకం భాష ‘ఉంటే మంచిది’, ‘ఉండాలి’, ‘వీలైతే’ల మధ్య ఊగుతుంది. చట్టం తప్పనిసరి అన్నదాన్ని నియమం సలహాల కట్టకు అప్పగించింది.

చూపు లేని రాజీవ్ రతూరి 2005లో వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తేల్చింది దీన్నే. ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, న్యాయమూర్తులు జె.బి. పార్దివాలా, మనోజ్ మిశ్రాల ధర్మాసనం 15వ నియమంలోని మొదటి భాగం మాతృ చట్టానికి విరుద్ధమని కొట్టేసింది. కచ్చితంగా పాటించాల్సిన కనీస నియమాలను సలహాల నుంచి విడదీసి మూడు నెలల్లో రాయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారంగా నిలిచిన క్షేత్ర నివేదిక మన శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయపు వికలాంగ అధ్యయన కేంద్రం తయారుచేసింది. దేశం మొత్తానికి సంబంధించిన తీర్పుకు ముడిసరుకు హైదరాబాద్ శివార్ల నుంచి వెళ్లిందన్నమాట. ఇక్కడి గృహనిర్మాణ సంస్థలు ఆ నివేదికను తెప్పించుకోవడానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు.

తీర్పు వెలుగులో మన కాలనీలను చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టిన ఫ్లాట్లు 300, 365, 430 చదరపు అడుగుల మూడు రకాలు. జీ ప్లస్ 3 భవనాలు. నాలుగు అంతస్తులకు మించకపోతే లిఫ్టు ఖర్చు తప్పించుకోవచ్చన్నది ఇలాంటి కట్టడాల వెనకున్న లెక్క. కట్టింది షియర్ వాల్ పద్ధతిలో. ఇటుక గోడలు ఉండవు, గోడలూ శ్లాబూ ఒకే కాంక్రీటు ముద్దగా పోస్తారు. పని త్వరగా అవుతుంది, బలంగా ఉంటుంది. కానీ తలుపు సందు ఎంత వదిలారో భవనం కూలేదాకా అంతే. ఇటుక గోడైతే సుత్తీ ఉలీ పట్టి ఆరంగుళాలు వెడల్పు చేసుకోవచ్చు. భారం మోసే కాంక్రీటు గోడను కొట్టనివ్వరు, కొట్టకూడదు కూడా. పాత పద్ధతిలో తర్వాత దిద్దుకోగలిగిన తప్పు కొత్త పద్ధతిలో శాశ్వతమైంది. తలుపు 900 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మూడడుగులు, ఉండాలన్న ప్రమాణం ఇలాంటి చోట అచ్చు బిగించకముందే అమలు కావాలి. తర్వాత చేసేదేమీ లేదు.

తెలంగాణ డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు 560 చదరపు అడుగులు. కొంచెం ఊపిరాడుతుంది. సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో 2015లో జీ ప్లస్ 2గా మొదలైన నమూనా, 2023 జూన్‌లో కొల్లూరులో 15,660 ఇళ్ల బహుళ అంతస్తుల పట్టణంగా మారింది. అంత ఎత్తున లిఫ్టు తప్పనిసరి కాబట్టి లిఫ్టులొచ్చాయి. వికలాంగులకు ఇది మేలే, వాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసింది కాకపోయినా. అయితే లిఫ్టు ఉండటం ఒకటి, నడవటం ఇంకొకటి. కరెంటు బిల్లు, మరమ్మతు, ఆపరేటర్ జీతం ఎవరు కట్టాలి? రోజుకూలీ కుటుంబాల సంఘం నెలనెలా చందా వసూలు చేసి ఇన్ని లిఫ్టులు నడపడం కష్టమని ముందే తెలుసు. మెట్లెక్కగలిగిన వాడికి లిఫ్టు ఆగితే ఆయాసం. ఎక్కలేని వాడికి అది ఇంట్లోనే ఖైదు, లేదా వీధిలోనే పడిగాపు. లిఫ్టు నిర్వహణను సౌకర్యాల పద్దులోంచి తీసి తాగునీటి పద్దు పక్కన పెట్టాలి. ఒక భవనానికి రెండు లిఫ్టులుంటే రెండూ ఒకేసారి ఆగకుండా చూడటం కూడా నిబంధనే కావాలి.

ఇంతవరకు సర్కారే కట్టిన ఇళ్లు. వీటి మీద 44వ సెక్షన్ పట్టు ఉంటుందని వాదించవచ్చు. పేదల ఇళ్లలో పెద్ద భాగం మాత్రం ఇలా కట్టినవి కావు. ఆవాస్ యోజన గ్రామీణంలో మైదాన ప్రాంతానికి లక్షా 20 వేలు, పట్టణంలో సొంత జాగాలో కట్టుకునే వాళ్లకు లక్షన్నర కేంద్ర సాయం. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన తెలంగాణ ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షలు. ఇవన్నీ లబ్ధిదారు తన జాగాలో తానే కట్టుకుని, దశదశకూ డబ్బు అందుకునే ఇళ్లు. కట్టేది సంస్థ కాదు, వ్యక్తి. పల్లెలో నక్షా అనుమతి అన్నది పేరుకే. చట్టం చెయ్యి చాచేసరికి పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు.

పట్టు వేరేచోట ఉంది, డబ్బులో. ఈ సంగతి అమెరికా అనుభవం బాగా చూపిస్తుంది. అక్కడ 1973 పునరావాస చట్టంలో 504వ సెక్షన్ చెప్పింది ఒకే మాట: ఫెడరల్ సాయం పుచ్చుకునే ఏ కార్యక్రమమూ వైకల్యం కారణంగా ఎవరినీ బయట పెట్టకూడదు. దాని అమలు నియమాల మీద సంతకం కోసం 1977 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వికలాంగులు ప్రభుత్వ భవనంలో మూడు వారాలకు పైగా బైఠాయించాల్సి వచ్చింది. గృహనిర్మాణ శాఖ నియమాలు రావడానికి 1988 దాకా పట్టింది. వాటి ప్రకారం ఫెడరల్ సాయంతో కట్టే, ఐదు లేదా అంతకు మించి ఇళ్లున్న ప్రతి కొత్త సముదాయంలో 5 శాతం ఇళ్లు కదలిక కష్టమైనవాళ్లకు అనువుగా, మరో 2 శాతం వినికిడి, చూపు సమస్యలున్నవాళ్లకు అనువుగా ఉండాలి. మన 5 శాతం మనుషుల వాటా. వాళ్ల 5 శాతం ఇళ్ల కట్టడపు వాటా. ఒకే అంకె, పని చాలా తేడా.

ఆ నియమాల్లో మనవాళ్లు గమనించని చిన్న ఏర్పాటు ఇంకొకటుంది. అనువైన ఇల్లు ఖాళీ అయితే ముందు అదే సముదాయంలో అవసరమైన కుటుంబానికి చూపించాలి, ఆ తర్వాతే వరుసలో ఉన్న బయటివాళ్లకు. అవసరం లేని కుటుంబం అందులో ఉంటే, అవసరమైన వాళ్లొచ్చినప్పుడు వేరే ఇంటికి మారతామని ముందే ఒప్పుకునేలా చూడవచ్చు. అవి అద్దె ఇళ్లు కాబట్టి ఇది సాధ్యం. మన దగ్గర లాటరీలో మూడో అంతస్తు వచ్చిందంటే అదే రాత. అరవయ్యో ఏట పక్షవాతం వస్తే కింది అంతస్తులో ఎవరితోనో ఇల్లు మార్చుకోవడానికి కాగితాల దారి లేదు. అమ్మకూడదన్న షరతు దళారుల కోసం పెట్టారు, న్యాయమే. ఒకే కాలనీలో రెండు కుటుంబాలు అధికారికంగా ఇళ్లు మార్చుకునే వెసులుబాటు పెడితే దళారికి వచ్చేదేమీ లేదు, ప్రభుత్వానికి పైసా ఖర్చూ లేదు.

అమెరికాలోనే అట్లాంటాలో వచ్చిన ఇంకో ఆలోచన మన ఇందిరమ్మ ఇళ్లకు దగ్గరగా ఉంటుంది. పోలియో వల్ల వీల్‌చైర్ వాడే ఎలియనార్ స్మిత్ 1987లో అక్కడ ఒక ఉద్యమం మొదలుపెట్టారు. ఆమె అడిగినవి మూడే. ఒక్క గుమ్మానికైనా మెట్టు లేకపోవడం, లోపలి తలుపులు వెడల్పుగా ఉండటం, కింది అంతస్తులో ఒక మరుగుదొడ్డి. అన్ని ఇళ్లలోనూ ఇవి ఉంటే వికలాంగులు చుట్టపుచూపుగానైనా ఏ ఇంటికైనా వెళ్లగలరు. 1992లో అట్లాంటా నగరం, తన ఆర్థిక సాయంతో కట్టే వ్యక్తిగత ఇళ్లకు ఇలాంటి కొలతలను తప్పనిసరి చేసింది. ఇక్కడ కూడా పట్టు సాయంలోనే.

రెండు దారులున్నాయి మరి. కొన్ని ఇళ్లను పూర్తిగా అనువుగా కట్టడం, లేదా అన్ని ఇళ్లనూ కనీసంగా అనువుగా కట్టడం. బ్రెజిల్ గృహ చట్టం మొదటి దారిలో కనీసం 3 శాతం ఇళ్లను వికలాంగులకు అనువుగా కట్టమంది. నా మటుకు, లబ్ధిదారు సొంతంగా కట్టుకునే ఇంటికి రెండో దారే సరైనది. ఆ ఇల్లు రెండు తరాలు ఉంటుంది. వైకల్యం దరఖాస్తు రోజున ఉండకపోవచ్చు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, 2.21 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షల పైచిలుకు. ‘ఇంత తక్కువమంది కోసం అందరి ఇళ్లూ మార్చాలా’ అనేవాళ్లు ఆ లెక్కల్లోనే అరవై దాటినవాళ్లు 10 కోట్లకు పైగా ఉన్నారన్నది మరచిపోతారు. షుగరు ముదిరి కాలు తీయించుకున్నవాళ్లు, తాపీ పనిలో సారవ మీంచి పడ్డవాళ్లు, ఆటో బోల్తాపడి నడుం విరిగినవాళ్లు పట్టా పుచ్చుకున్న నాడు మామూలు మనుషులే. ఫ్లాట్ల సముదాయాల్లో మాత్రం రెండు దారులూ కలవాలి.

ఇక్కడ మన ప్రమాణాల్లోనే ఒక లోపం చెప్పాలి. అవన్నీ వీల్‌చైర్ చుట్టూ అల్లినవి. ఐదడుగుల తిరుగుడు జాగా, అంత వెడల్పు నడవ. పల్లెల్లో నడవలేని వాళ్లలో చాలామంది ఇంట్లో వీల్‌చైర్ వాడరు. బయట సర్కారు ఇచ్చిన మూడు చక్రాల బండి, లోపల చేతుల మీద పాకడం, లేదా కర్ర. వాళ్లకు కావలసినవి మూడు చక్రాల బండి వానకు తడవకుండా నిలిపే చోటు, బండి మీంచి అరుగు మీదికి జరగడానికి సరిపోయే ఎత్తు, జారని గచ్చు, నేల మీంచి అందే స్విచ్చూ కుళాయీ. విదేశీ కొలతల పుస్తకంలో ఇవి ఉండవు. మన అసిస్టెంట్ ఇంజనీర్లు (ఏఈలు) నాలుగు ఇళ్లు తిరిగితే తెలుస్తాయి.

మరుగుదొడ్డి సంగతి ఇంకా నిదానంగా చూడాలి, ఎందుకంటే ఇల్లు పనికొస్తుందా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది. పేదల ఇళ్లలో మామూలుగా అది మూడడుగులు, నాలుగడుగుల గది. గుంతలకు వాలు రావాలని దాని గచ్చు ఒక మెట్టు ఎత్తున ఉంటుంది. నీళ్లు బయటికి రాకుండా గుమ్మంలో చిన్న గట్టు. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. లోపల మనిషి పడిపోతే ఆ తలుపుకే అడ్డంగా పడతాడు, తీయడానికి వీలుండదు. కూర్చోవడానికి నేల బేసిను, లేవడానికి పట్టుకునేదేమీ లేదు. చేతుల మీద పాకే మనిషికి తడి గచ్చు మీద ఆ ప్రయాణం రోజూ ఉండే అవమానం. ఆడవాళ్లు అందుకే నీళ్లు తాగడం తగ్గించుకుంటారు, ఆ తర్వాత ఆస్పత్రి. ప్రమాణాలు చెప్పే కుర్చీ బేసిను ఎత్తు 450 నుంచి 480 మిల్లీమీటర్లు, రెండు పక్కలా పట్టుకునే కడ్డీలు. ఇవి పెట్టడానికి ఇంటి వైశాల్యం పెరగనక్కర్లేదు. మరుగుదొడ్డీ స్నానాల గదీ విడివిడిగా గీసే నమూనాల్లో మధ్య గోడ తీసేసి ఒకటే గది చేస్తే, అవే చదరపు అడుగుల్లో ఐదూ ఆరడుగుల గది వస్తుంది. గోడ ఖర్చు మిగులుతుంది. తలుపు బయటికి తెరిపిస్తే సగం ప్రమాదం పోతుంది. దీనికి నిధులు కాదు, టైప్ డిజైన్ గీసే మనిషి ఒక పూట కూర్చోవడం కావాలి.

చూపు, వినికిడి లేనివాళ్ల అవసరాలు కట్టడంలో ఇంకా చిన్నవి. మెట్ల అంచుకు వేరే రంగు, చేతితో తడిమితే తెలిసే ఇంటి నంబరు, బెల్లు కొడితే వెలిగే దీపం. ఒకే అచ్చులో పోసిన వందల ఇళ్ల కాలనీలో కళ్లున్నవాళ్లే దారి తప్పుతారు.

గడప దగ్గర ఇబ్బంది కొలతలది కాదు. ప్రమాణం ప్రకారం గుమ్మంలో పొంగు 12 మిల్లీమీటర్లు మించకూడదు. మన దర్వాజాకు కింద నాలుగు వేళ్ల మందం గడప ఉంటుంది. దానికి పసుపు రాస్తారు, బొట్టు పెడతారు, పండక్కి తోరణం కింద అదే ఇంటికి అందం. దాన్ని తీసేయమని చెప్పడానికి ఏ ఏఈకీ నోరు రాదు, రానక్కర్లేదు కూడా. గచ్చు వేసేటప్పుడే గడప కొయ్యను దించి, పైభాగం మాత్రమే కనపడేలా బిగిస్తే పసుపు రాయడానికీ ఉంటుంది, చక్రం దాటడానికీ ఉంటుంది. వడ్రంగికీ తాపీ మేస్త్రీకీ ముందే చెప్పాలి, అంతే. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలనీ, ఇల్లు రోడ్డు కంటే, పక్కింటి కంటే పల్లం కాకూడదనీ పట్టుబట్టేవాళ్లకు ఏం చెప్పాలన్నది అంత తేలిక కాదు. ఎందుకంటే ఎత్తు మీద పట్టుదల వట్టి వాస్తు కాదు. కోస్తాలో తుపాను నీళ్లు ఇంట్లోకి వచ్చిన జ్ఞాపకం అది. సిమెంటు రోడ్డు మీద మళ్లీ సిమెంటు రోడ్డు వేసి, పాత ఇళ్లను గుంతలో ముంచిన పంచాయతీల జ్ఞాపకం కూడా.

అందుకే బేస్‌మెంటు తగ్గించమని లబ్ధిదారుకు చెప్పడం అన్యాయం. చేయాల్సింది లేఅవుట్‌లోనే. పల్లపు భూములు తీసుకుని పేదలకు పంచినప్పుడు మెరక చేసే ఖర్చు ప్రభుత్వం మొత్తం జాగాకు పెట్టాలి, ఇంటింటికీ బేస్‌మెంటు ఎత్తి ఆ ఖర్చును లబ్ధిదారు నెత్తిన వేయకూడదు. మురుగు కాలువకూ గుమ్మానికీ మధ్య పలక వేసి, రోడ్డు మట్టాన్ని ముందే ఖాయం చేసి, దానిమీద ఇంటి ఎత్తు ఆరంగుళాలకు మించకుండా చూస్తే ఆరడుగుల ర్యాంపు చాలు. అది సెంటు జాగాలోనూ ఇముడుతుంది. 2024లో ఆంధ్రప్రదేశ్ కొత్త ప్రభుత్వం మాటిచ్చినట్టు పట్టణంలో రెండు సెంట్లు, పల్లెలో మూడు సెంట్లు దక్కితే మరీ సులువు. ఇల్లు కట్టేశాక ముందరి రోడ్డును పైకి లేపకూడదన్న నిబంధన కూడా పంచాయతీరాజ్ ఇంజనీర్లకు ఇదే పుస్తకంలో ఉండాలి. రోడ్లవాళ్లు, ఇళ్లవాళ్లు వేర్వేరు శాఖలు కావడం వికలాంగుడి తప్పు కాదు.

ఇప్పటికే కట్టేసిన లక్షల ఇళ్ల మాట మిగిలింది. సింగపూర్‌లో జనాభాలో దాదాపు 80 శాతం ప్రభుత్వ సంస్థ హెచ్‌డీబీ కట్టిన ఫ్లాట్లలో ఉంటారు. పాత భవనాల్లో లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగేది కాదు. 2001లో ఆ భవనాలకు లిఫ్టులు జోడించే పథకం పెట్టారు. నివాసుల్లో 75 శాతం ఒప్పుకుంటే పని మొదలయ్యేది, ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వానిదే. 2012 నుంచి వృద్ధుల ఇళ్లలో పట్టుకునే కడ్డీలు, జారని గచ్చు, చిన్న ర్యాంపులు భారీ రాయితీతో పెట్టిస్తున్నారు. డబ్బున్న చిన్న దేశం, నిజమే. అయినా ఆ రెండో పథకంలో ఉన్నవి ఇనుప కడ్డీలూ గచ్చూ మాత్రమే. మన రెండు రాష్ట్రాల్లో వికలాంగులకు ప్రభుత్వ సాయం అంటే ముఖ్యంగా పింఛనే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి నెలకు 6 వేలు, తెలంగాణలో 2023లో పెంచిన 4,016. చిన్న మొత్తాలు కావు. కానీ పింఛను తినడానికి, మందులకు పోతుంది. ఇంటి గోడకు ఒక కడ్డీ బిగించడానికి వేరే పద్దు ఒకటి ఉండాలి. ఒకసారి ఇస్తే చాలు, నెలనెలా ఇవ్వనక్కర్లేదు.

సుప్రీంకోర్టు అడిగిన తప్పనిసరి నియమాల్లో నివాస గృహం ఎక్కడ నిలుస్తుందన్నది ఢిల్లీ తేల్చాలి. 1998 నాటి మినహాయింపు ఇంకో రూపంలో తిరిగొస్తే ఆఫీసులూ స్టేషన్లూ బాగుపడతాయి, ఇళ్లు ఇలాగే ఉంటాయి. దానికోసం రాష్ట్రాలు ఆగనక్కర్లేదు. ఇందిరమ్మ ఇంటికి మొదటి విడత డబ్బు పడాలంటే బేస్‌మెంటు ఫొటో ఎక్కించాలి. ఆ ఫొటోతో పాటు రోడ్డు మీంచి ఎత్తు ఎన్ని అంగుళాలు, ర్యాంపుకు చోటు వదిలారా లేదా అన్న రెండు గడులు పెడితే ఏఈ టేపు తీసి కొలవాల్సి వస్తుంది. గోడల దశలో మరుగుదొడ్డి తలుపు వెడల్పు ఇంకో గడి. మూడింటికీ సరిపోయిన ఇంటికి కాస్త అదనపు సొమ్ము ప్రకటిస్తే మేస్త్రీలకు కొలతలు నేర్పే పని లబ్ధిదారులే చేస్తారు.